మందారానికి మెమో

మా కేంద్రంలో పూలకు క్రమశిక్షణ నేర్పిన సంవత్సరం గురించి బయట రకరకాలుగా చెప్పుకుంటున్నారు. కొందరు నమ్మడం లేదు. నమ్మినవాళ్లు నవ్వుతున్నారు. అది నిజంగానే జరిగింది. ఆ ఏడాది జరిగిన ప్రతి సమావేశానికీ మినిట్స్ రాసింది నేనే కాబట్టి, ఉన్నదున్నట్టు చెప్పాల్సిన పాపం కూడా నామీదే పడింది.

పుష్ప పరిశోధన కేంద్రంలో నేను ఆఫీసు సూపరింటెండెంటును. పెద్దలు ఏది మాట్లాడినా దానికి అర్థం ఉన్నట్టు కనపడేలా రాయడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే చేస్తున్నాను, ఇంతవరకు ఎవరూ వంక పెట్టలేదు. గోదావరి కాలవ పక్కన నలభై ఎకరాల స్థలం, చుట్టూ గోడ, లోపల పందిళ్లు, గ్రీన్‌హౌసులు, ఏసీ ఉన్న సమావేశ మందిరం, ఏసీ లేని విత్తనాల గది. గేటు మీద బోర్డులో ఒక పువ్వు బొమ్మ ఉంటుంది. అది ఏ పువ్వో మా శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు.

ఇంతమందిలో పూల పని నిజంగా తెలిసిన మనిషి ఒక్కతే. కుడిపూడి మంగాయమ్మ. ఇరవై ఆరేళ్లుగా రోజు కూలీగానే ఉంది. ఆమె చేసేది క్రాసింగ్ పని, అంటే ఒక పువ్వు పుప్పొడి తీసి ఇంకో పువ్వుకు అంటించి కొత్త రకం పుట్టించే పని. ఎండెక్కకముందే వచ్చి, మొగ్గ విప్పి, లోపలి పుప్పొడి తిత్తుల్ని చిమటాతో ఒక్కొక్కటే తీసి, సన్నటి కుంచెతో వేరే చెట్టు పుప్పొడి రాసి, కాగితపు సంచి తొడిగి, చీటీ కట్టేది. ఆ చీటీల మీద అంకెలు తన చేత్తోనే వేసేది. శాస్త్రవేత్తలు వచ్చేవారు, ఆ అంకెలు రాసుకుని వ్యాసాలు ప్రచురించుకుని ప్రమోషన్ మీద వెళ్లిపోయేవారు. మంగాయమ్మ మర్నాడు పొద్దున్నే మళ్లీ చిమటా పట్టుకునేది.

జూకా మందారం అని ఒకటుంది. రేకులు చీలికలు చీలికలుగా, నగిషీ పనిలా ఉంటాయి. కానీ పువ్వు చెవి జూకాలాగా కిందికి వేలాడుతుంది. అందమంతా నేలకు చూపిస్తుంది. ఆ పువ్వు చేత తల ఎత్తించాలని మంగాయమ్మకు పట్టుదల.

"అంత మొహం పెట్టుకుని నేలచూపులేంటండి దానికి?" అనేది నాతో. "ఒక్కసారి పైకి చూస్తే ఎంత బాగుంటదండి!"

మామూలు ఎర్ర మందారంతో కలిపింది. పుట్టిన మొక్కల్లో మంచిదాన్ని ఏరి మళ్లీ కలిపింది. అలా పదకొండేళ్లు, నాలుగు వేల పైచిలుకు మొక్కలు. వాటిలో ఒక్కటంటే ఒక్కటి కుదిరింది. అవే చీలిక రేకులు, పండుమిరప రంగు, నడుమ పసుపు. పువ్వు మాత్రం నిటారుగా నిలబడి చూస్తుంది. మామూలు మందారం సాయంత్రానికి ముడుచుకుపోతే ఇది మూడు రోజులు ఉంటుంది. దాని నంబరు నాలుగు వందల పదిహేడు. పేరు పెట్టే అధికారం పుష్పాభివృద్ధి బోర్డుది కాబట్టి మంగాయమ్మ దాన్ని 'నాలుగొందల పదిహేడు' అనే పిలిచేది, అదీ ముద్దుగానే.

ఆమెకు జీతం పెరగాలని లేదు, ఫొటో పడాలని లేదు. ఆ మొక్క విడుదల కావాలి, అంతే. విడుదలైతేనే అంట్లు కట్టి జనానికి ఇస్తారు. లేకపోతే అది కేంద్రం ఆస్తి. మా గేటు దాటి ఒక్క ఆకు కూడా పోకూడదని నిబంధన. సాయంత్రం కూలీల టిఫిన్ డబ్బాలు మూత తీసి చూసేవారు. ఇరవై ఆరేళ్లు రోజూ మంగాయమ్మ డబ్బా తెరిచి చూపించి ఇంటికి వెళ్లింది.

"కాలవ గట్టు మీద ప్రతి గుమ్మం ముందరా ఇది ఉండాలండి. నేను పోయేలోగా చూడాలండి, అంతే," అనేది.

ఎట్టకేలకు విడుదల ఖాయమైంది. పుష్పాభివృద్ధి బోర్డు చైర్మన్‌గారు స్వయంగా వచ్చి రిబ్బను కత్తిరిస్తారని కబురొచ్చింది. మంగాయమ్మ పది రోజుల ముందు నుంచి మొక్కను కంటికి రెప్పలా చూసి, సరిగ్గా ఆ పొద్దుటికి ఏడు పూలు విచ్చుకునేటట్టు చేసింది. తనూ కొత్త చీర కట్టుకుని వచ్చింది.

చైర్మన్‌గారు దండలు వేయించుకుని, కొబ్బరినీళ్లు తాగి, తోటలోకి నడిచారు. దారిలో పాత జూకా మందారం ఉంది. అప్పుడే కాలవ మీద నుంచి గాలి వచ్చింది. కొమ్మలు ఊగాయి, పూలన్నీ కిందికి వంగి లేచాయి.

చైర్మన్‌గారు ఆగిపోయారు.

"చూశారా డైరెక్టరుగారూ! నేను రాగానే తల వంచాయి. ఈ సంస్కారం ఈ రోజుల్లో మనుషుల్లో ఉందా?"

మా డైరెక్టరు డాక్టర్ నిడుమోలు విశ్వపతిగారికి ఏ ప్రశ్నకూ జవాబు తెలియదు గాని, జవాబు చెప్పకుండా మాత్రం ఎప్పుడూ ఉండలేదు. "తమరి రాకను గుర్తించాయి సార్. మా పరిశోధన అంతా ఆ దిశలోనే సాగుతోంది," అన్నారు.

మా పరిశోధన ఏ దిశలోనూ సాగడం లేదు. ఒక్క మంగాయమ్మదే సాగింది, అది సరిగ్గా దీనికి ఎదురు దిశలో.

తర్వాత అందరూ నాలుగు వందల పదిహేడు దగ్గరికి వచ్చారు. పళ్లెంలో కత్తెర ఉంది. ఏడు పూలూ చైర్మన్‌గారి ముఖం ఎత్తున నిలబడి ఆయన కళ్లలోకి చూస్తున్నాయి. ఆయన పక్కకు జరిగారు. ఆ పక్క పువ్వూ చూసింది.

"ఇదేమిటి, నా మొహంలోకి చూస్తోంది?"

మంగాయమ్మ సంతోషం పట్టలేక ముందుకొచ్చింది. "ఆయ్, చూడ్డానికేనండి! అలా చూడ్డానికి పదకొండేళ్లు పట్టిందండి."

చైర్మన్‌గారు "ఊఁ" అని, గడియారం చూసుకుని భోజనానికి వెళ్లిపోయారు. కత్తెర పళ్లెంలోనే ఉండిపోయింది. రిబ్బను సాయంత్రం దాకా అలాగే ఉంటే మంగాయమ్మ విప్పి, మడతపెట్టి, నా బల్ల మీద పెట్టింది.

"మళ్లీ ఎప్పుడొస్తారండి?" అని అడిగింది. నాకేం తెలుసు? వస్తారులే అన్నాను.

సోమవారం అత్యవసర సమావేశం. డైరెక్టరుగారు రాత్రంతా ఆలోచించినట్టు ఎర్రటి కళ్లతో కూర్చున్నారు. పక్కన డిప్యూటీ డైరెక్టరు కోదండపాణిగారు. ఆయనకు ఆలోచన అలవాటు లేదు గాని, ఇంకొకరి ఆలోచనను కొలతల్లోకి దించడంలో ఆయన్ని మించినవారు లేరు.

"చైర్మన్‌గారి వ్యాఖ్యలో గంభీరమైన విధానపరమైన సూచన ఇమిడి ఉంది," అన్నారు డైరెక్టరుగారు. "ప్రభుత్వ తోటలో పువ్వు ఎలా ఉండాలి? సందర్శించే ఉన్నతాధికారుల పట్ల దాని వైఖరి ఏమిటి? ఇంతకాలం మనం రంగు, వాసన, పరిమాణం అంటూ పైపై విషయాల మీద కాలం వృథా చేశాం. ఇకపై మన పరిశోధన లక్ష్యం వినయం."

"కొలవాలంటే కోణం కావాలి సార్," అన్నారు కోదండపాణిగారు.

అలా వినయ కోణం పుట్టింది. పువ్వు మెడ నిటారుగా ఉంటే సున్నా డిగ్రీలు. పూర్తిగా నేలకేసి వేలాడితే నూట ఎనభై. నూట ఇరవై దాటితే 'వినయశీల పుష్పం'. అరవైకీ నూట ఇరవైకీ మధ్య 'తటస్థ పుష్పం'. అరవై కంటే తక్కువైతే 'ధిక్కార పుష్పం'. మర్నాటి నుంచి కోదండపాణిగారు ఇంటర్ చదివే తన కూతురి జామెట్రీ బాక్సులోంచి కోణమానిని తెచ్చి, తెల్లారగానే తోటలో పువ్వు పువ్వుకూ పట్టి చూడడం మొదలుపెట్టారు. ఆ అమ్మాయి లెక్కల పరీక్ష ఎలా రాసిందో నాకు తెలియదు.

మొదటి వారం నివేదిక దిగ్భ్రాంతికరంగా వచ్చింది. ఆ మాట నాది కాదు, నివేదికలోదే. బంతులు, చామంతులు, గులాబీలు, జినియాలు దాదాపు అన్నీ ధిక్కార వర్గమే. "ఇన్నాళ్లూ మనం ఎవరి మధ్య ఉద్యోగం చేశాం?" అని డైరెక్టరుగారు నిట్టూర్చారు. ఆ నిట్టూర్పు కూడా మినిట్స్‌లో రాయమన్నారు. రాశాను.

దిద్దుబాటు చర్యలు మొదలయ్యాయి. చేపల వలలకు కట్టే సీసపు గుళ్లు తెప్పించి గులాబీ కాడలకు కట్టారు. సగం కాడలు విరిగి వేలాడాయి. విరిగినవి నూట అరవై డిగ్రీలు చూపించడంతో ఆ మడికి ప్రశంసాపత్రం ఇచ్చారు. ఎండిపోయిన బంతులు తల వాల్చేసరికి అవీ వినయశీల వర్గంలో చేరాయి. దాంతో బంతి మడికి నీళ్లు ఆపేయడం ఒక పద్ధతిగా మారి, ఆ పద్ధతికి 'నియంత్రిత వినయ ప్రేరణ' అని పేరు పెట్టారు.

పొద్దుతిరుగుడు దగ్గర మాత్రం పెద్ద చిక్కు వచ్చింది. అది తలెత్తి నిలబడుతుంది, పైగా మధ్యాహ్నానికి మన వైపు వీపు తిప్పుతుంది. పీకేయాలని ఒక పక్షం. కోదండపాణిగారు ఫైలు మీద సుదీర్ఘమైన నోటు రాశారు: "పొద్దుతిరుగుడుకు తక్షణ పై అధికారి సూర్యుడు. ఉదయం నుంచి సాయంత్రం వరకు పై అధికారి మీద నుంచి చూపు తిప్పని ఉద్యోగి క్రమశిక్షణను శంకించలేము. పై అధికారి అస్తమించగానే ఇది కూడా తల వాలుస్తుంది." మంజూరైంది. పొద్దుతిరుగుడుకు మినహాయింపు ఇవ్వడమే కాక, మిగతా పూలు దాన్ని ఆదర్శంగా తీసుకోవాలని సర్క్యులర్ వచ్చింది. సర్క్యులర్ ప్రతులు మడుల్లో పుల్లలకు గుచ్చారు. అవి చదివిన పూలు ఎన్నో నివేదికలో లేదు.

ఇక మిగిలింది నాలుగు వందల పదిహేడు. దాని వినయ కోణం నాలుగు డిగ్రీలు. మొత్తం కేంద్రంలో అంతకన్నా తక్కువ ఏ పువ్వుకూ రాలేదు.

దానికి మెమో ఇచ్చారు. నేనే టైపు చేశాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. "గౌరవనీయ చైర్మన్‌గారి సందర్శన సమయంలో సూటిగా చూసి అమర్యాదగా ప్రవర్తించినందుకు నీపై ఎందుకు చర్య తీసుకోరాదో ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను." ప్లాస్టిక్ కవర్లో పెట్టి పురికొసతో కాండానికి కట్టాం. ముట్టినట్టు సంతకం ఎవరు పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. మొక్క తరఫున మంగాయమ్మ పెట్టాలని తేల్చారు. ఆమె కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "చెట్టుకి మెమో ఏంటండీ బాబూ!" అని నవ్వింది. నేను నవ్వలేదు. నా ముఖం చూసి తనూ నవ్వు ఆపేసి సంతకం పెట్టింది.

ఏడు రోజులైనా మొక్క సంజాయిషీ ఇవ్వలేదు. మౌనాన్ని నేరాంగీకారంగా తీసుకుని విచారణ పెట్టారు. ఏసీ గదిలో పొడవాటి బల్లకు అటు డైరెక్టరుగారు, కోదండపాణిగారు, ఇటు నిలబడి మంగాయమ్మ.

"ఈ మొక్క నీ పెంపకంలో ఉంది," అన్నారు డైరెక్టరుగారు. "దీని మెడ వంచే బాధ్యత కూడా నీదే. తొంభై రోజుల గడువిస్తున్నాం."

"వంగేది కావాలంటే పాతది ఉంది గదండీ," అంది మంగాయమ్మ. "పుట్టిన కాడ్నించి వంగే ఉందండి అది. దీన్ని కూడా వంచేస్తే ఈ పదకొండేళ్లూ మనం చేసిందేంటండి?"

"అది విధానపరమైన ప్రశ్న. నీ స్థాయికి సంబంధించినది కాదు."

"నా స్థాయి కాదులెండి. పోనీ, ఎవరికీ చూపించకండి. చైర్మన్ గారొచ్చినప్పుడు గోనె కప్పేద్దామండి. బతకనివ్వండి చాలు."

నాకు ఆ బల్లను ఎత్తి కొట్టాలనిపించింది. నేను చేసిందల్లా 'శ్రీమతి మంగాయమ్మ అభిప్రాయాన్ని గమనించడమైనది' అని రాయడం. ఎవరు ఏడ్చినా మొరపెట్టుకున్నా నా రిజిస్టర్లో ఆ ఒక్క వాక్యమే పడుతుంది.

గడువు కోసం ఎదురుచూడకుండా కోదండపాణిగారు తనే రంగంలోకి దిగారు. ప్రతి మొగ్గకూ రెండేసి సీసపు గుళ్లు కట్టారు. ఆ సాయంత్రం మొగ్గలన్నీ వంగాయి. ఆయన నూట ముప్పై అని సంతోషంగా రాసుకున్నారు. మర్నాడు పొద్దున వెళ్లేసరికి, గుండు వేలాడుతూనే ఉంది, పువ్వు మాత్రం దాని పై నుంచి కాడ మెలితిప్పుకుని మళ్లీ పైకి చూస్తోంది. అన్ని పూలూ అంతే. ఆయన నివేదికలో 'ఉద్దేశపూర్వక ధిక్కారం' అని రాసి కింద రెండు గీతలు గీశారు.

అంతే, సమూల నిర్మూలనకు ఉత్తర్వు వచ్చింది.

అది ఆషాఢం. పొద్దుటి నుంచి తుంపర పడుతోంది. ఏడుగురు అధికారులు గొడుగులు వేసుకుని మొక్క చుట్టూ నిలబడ్డారు. అందులో ముగ్గురు డాక్టరేట్లు. డైరెక్టరుగారి డాక్టరేటు పూలకుండీల అమరికలో పొందిన గౌరవ పట్టా. మంగాయమ్మ చేతిలో సికేచరు, అదే కొమ్మలు కత్తిరించే కత్తెర, ఉంది. రిబ్బను కత్తెరతో జరగాల్సిన విడుదల ఇలా సికేచరు దాకా వచ్చింది.

"నరికి పారేస్తే చాలదు," అన్నారు డైరెక్టరుగారు. "ఇది మళ్లీ తల ఎత్తే స్వభావం ఉన్న మొక్క. దీని ఆకారమే మిగలకూడదు. ముక్కలు ముక్కలు చేయాలి."

మంగాయమ్మ చాలాసేపు మొక్క వైపే చూసింది. తర్వాత తల వంచుకుని, ఎప్పుడూ లేనంత అణకువగా అడిగింది.

"ఎంతెంత ముక్కలు చెయ్యమంటారండి?"

డైరెక్టరుగారు కోదండపాణిగారి వైపు చూశారు. ఆయన తన కోణమానిని వైపు చూసుకున్నారు. అందులో పొడవు తెలియదు.

"జానెడు జానెడు చాలాండి?" అంది మంగాయమ్మ.

"జానెడు! అంతకు మించి ఒక్క అంగుళం ఉండడానికి వీల్లేదు. సూపరింటెండెంటుగారూ, రాసుకోండి."

"ఆకులు దూసెయ్యమంటారాండి?"

"దూసెయ్యాలి. ఒక్క ఆకు కనపడకూడదు."

"ఆయ్. మరి ముక్కలు ఇక్కడే పారెయ్యమంటారాండి?"

"ఇక్కడా!" డైరెక్టరుగారు అదిరిపడ్డారు. "కేంద్రం ఆవరణలో దాని ఆనవాలు ఉండకూడదు. వేరు తగలబెట్టండి. ముక్కలు మాత్రం ఈ క్షణమే గేటు దాటాలి. నువ్వే తీసుకుపో. గేట్ పాస్ రాయండి, నేను సంతకం పెడతాను."

ఈ ప్రాంతంలో నడక వచ్చిన ప్రతి మనిషికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఆషాఢపు వానల్లో మందారం కొమ్మను జానెడు ముక్క కత్తిరించి, ఆకులు దూసి, తడి నేలలో గుచ్చితే నెల తిరక్కుండా వేరు పట్టి మొక్కవుతుంది. అంటు కట్టక్కర్లేదు, మందు పెట్టక్కర్లేదు. మా నానమ్మ పెరట్లో పిడకలు చేస్తూ ఎడమచేత్తో గుచ్చి వదిలేసేది. కానీ మా పుష్ప పరిశోధన కేంద్రంలో ఆ చెట్టు చుట్టూ నిలబడిన ఏడుగురిలో ఒక్కరికీ అది తెలియదు. వాళ్లెవరూ ఎప్పుడూ ఏదీ నాటలేదు. వాళ్లకు మొక్క అంటే కుండీలో వచ్చేది.

మంగాయమ్మ మొదలుపెట్టింది. ప్రతి ముక్కా కణుపు కిందుగా, అడుగు ఏటవాలుగా, పైభాగం సమంగా. ఏది తల, ఏది మొదలు అన్నది తెలిసేటట్టు వరసగా పేర్చింది. "ఎంత పద్ధతిగా ధ్వంసం చేస్తోందో చూడండి," అన్నారు కోదండపాణిగారు మెచ్చుకోలుగా. ఆయనే దగ్గరుండి లెక్కపెట్టారు. నూట నలభై రెండు ముక్కలు.

ఆమె వాటిని కట్టలు కట్టి, గోనెసంచి బకెట్లో ముంచి పిండి, అందులో చుట్టింది.

"తడపడం ఎందుకు?" అన్నారు డైరెక్టరుగారు.

"దుమ్ము లేవకుండానండి."

వాన కురుస్తూనే ఉంది. డైరెక్టరుగారి గొడుగు అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. "మంచి ఆలోచన," అన్నారాయన.

అప్పుడు మంగాయమ్మ ఒక్కసారి నా వైపు చూసింది. నేను నోరు తెరిస్తే చాలు, ఆ మూట అక్కడే తగలబడేది. నేను రిజిస్టర్లోకి చూసి రాసుకున్నాను: 'నూట నలభై రెండు ముక్కలుగా, అందరి సమక్షంలో, సంతృప్తికరంగా ధ్వంసం చేయడమైనది.' ఏడుగురూ సంతకాలు పెట్టారు. ఇరవై రెండేళ్లుగా నేను నోరు మూసుకుని ఉన్నందుకు ఆ ఒక్కరోజే నాకు సిగ్గు వేయలేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆమె టిఫిన్ డబ్బా మూత తీసి చూశాడు, ఆకులేమీ లేవు. మూటకు డైరెక్టరుగారి సంతకంతో పాస్ ఉంది. వదిలేశాడు.

మర్నాటి నుంచి క్రాసింగ్ విభాగం రద్దయింది. కొత్త రకాల అవసరం లేదు, ఉన్నవాటికి వినయం నేర్పితే చాలన్నారు. మంగాయమ్మ పేరు మస్టర్ రోల్లోంచి కొట్టేశారు. చిమటా, కుంచె అప్పజెప్పడానికి వచ్చినప్పుడు నేను తల ఎత్తలేకపోయాను.

"ఏం పర్లేదండి సూపర్నెంటుగారూ," అంది. "ఇంటికాడ పని శానా ఉందండి ఇప్పుడు."

ఆ తర్వాత కేంద్రంలో వినయం సంపూర్ణమైంది. ధిక్కార పుష్పాలన్నీ తొలగించి, నలభై ఎకరాల్లో వేలాడే పూలు మాత్రమే పెంచారు. తోటలో ఎటు చూసినా పూల వీపులే. అప్పుడు అసలు చిక్కు వచ్చింది. బోర్డుకు పంపే వార్షిక పత్రంలో పద్నాలుగో గడి 'పువ్వు లోపలి వర్ణం, అమరిక, స్వయంగా పరిశీలించి నింపవలెను.' లోపల చూడాలంటే వంగాలి.

"అధికారి పువ్వు ముందు వంగడమా?" అన్నారు డైరెక్టరుగారు. "విధానం మొత్తం తలకిందులవుతుంది."

కోదండపాణిగారు చేతి అద్దం పట్టి కింద నుంచి చూశారు. పువ్వుకంటే ముందు ఆయన ముఖమే కనపడింది. పద్నాలుగో గడిలో ఏం రాయాలో తోచక అద్దం పక్కన పెట్టేశారు. తర్వాత అధికారులు నిటారుగా నడుస్తూ పైకి చూసేలా పూల వరసల మధ్య నడుం లోతు కందకం తవ్వించారు. కాలవ పక్క నేల కదా, మర్నాటికి నీళ్లు ఊరి, కప్పలు చేరాయి. డైరెక్టరుగారు ఒకసారి దిగి, ఒక చెప్పు అందులోనే వదిలేసి వచ్చారు.

చివరికి కోదండపాణిగారే దారి కనిపెట్టారు. ఆయన నోటు ఇప్పటికీ నా దగ్గర ఉంది: "వంగడం వినయ సూచకం, కనుక అధికారులకు తగదు. పడుకోవడం విశ్రాంతి. విశ్రాంతి విషయంలో ప్రోటోకాల్‌కు అభ్యంతరం కనపడదు. కావున అధికారులు వెల్లకిలా పడుకుని పరిశీలించవచ్చును." ఈత చాపలు, తలగడలు వచ్చాయి. ప్రతి చెట్టు కిందా పరిశీలన చాప పరిచారు. ఆ నెల మా శాస్త్రవేత్తలు పూల కింద ఎంత శ్రద్ధగా పరిశోధించారంటే, మధ్యాహ్నం గురకలు రోడ్డు దాకా వినపడ్డాయి.

చూస్తుండగానే మళ్లీ ఆషాఢం వచ్చింది. చైర్మన్‌గారూ వచ్చారు.

తోటంతా తల వంచి నిలబడి ఉంది. ఆయన పరమానందభరితులయ్యారు. "ఇదీ తోట అంటే!" అన్నారు. డైరెక్టరుగారు విధానం వివరించి చాప చూపించారు. చైర్మన్‌గారిది భారీ శరీరం. ఇద్దరు పట్టుకుని పడుకోబెట్టారు. అటు డైరెక్టరుగారు, ఇటు కోదండపాణిగారు, మర్యాదకు అరడుగు దిగువగా పడుకున్నారు. మిగతా అధికారులు హోదా వరసలో పక్క చెట్ల కింద పడుకున్నారు. మినిట్స్ రాయాలి కాబట్టి నిలబడి ఉన్నది నేనొక్కడినే.

జూకా మందారం ఊగింది. పుప్పొడి చైర్మన్‌గారి ముక్కులో పడింది. ఆయన మూడుసార్లు తుమ్మి, ఊపిరి కోసం తల పక్కకు తిప్పారు. అటు మా ప్రహరీగోడ. గోడ వెనక కాలవ గట్టు. గట్టు ఎత్తు కాబట్టి దాని మీద ఇళ్ల ముంగిళ్లు గోడ పైనుంచి కనపడతాయి. నేను రోజూ స్కూటరు మీద ఆ దారినే వస్తాను. అక్కడ ఏం ఉందో ఆరు నెలలుగా నాకు తెలుసు. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

గట్టు పొడవునా, గుమ్మం గుమ్మానికీ ఒకటి చొప్పున, గోడ మీదుగా పండుమిరప రంగు మందారాలు నిటారుగా నిలబడి తోటలోకి చూస్తున్నాయి. కింద చాపల మీద వరసగా పడుకున్న పుష్ప పరిశోధన కేంద్రం మొత్తం వాటికి కనపడుతోంది.

"అదేం పువ్వు?" అన్నారు చైర్మన్‌గారు పడుకునే.

డైరెక్టరుగారు మెడ తిప్పారు. ఆయన ముఖంలో రంగు పోయింది. కోదండపాణిగారు అలవాటుగా జేబులోని కోణమానిని తీసి, మళ్లీ లోపల పెట్టుకున్నారు.

"ఏదో కలుపు మొక్క సార్," అన్నారు డైరెక్టరుగారు.

"కలుపు మొక్కా? ఇంత బాగుందే." చైర్మన్‌గారు మోచేతి మీద కొంచెం లేచారు. గోడ అవతల ఒకావిడ చెంబుతో నీళ్లు పోస్తోంది. "ఏమ్మా, దాని పేరేమిటి?"

మంగాయమ్మ చెంబు దించి, గోడ మీద నుంచి కిందికి తొంగి చూసింది. ముందు చైర్మన్‌గారిని, తర్వాత పక్కనున్న ఇద్దరినీ, తర్వాత వరసనంతటినీ తీరిగ్గా చూసింది.

"ఇంకా పేరెట్టలేదండి," అంది. "అలా పడుకుంటే సరిగ్గా కనపడదండి. లేచి నిలబడండి, మీ మొహంలోకే చూస్తది."

చైర్మన్‌గారు లేవబోయారు. నిజంగానే లేవబోయారు, అది నేను చూశాను. ఒక మోకాలు కూడా మడిచారు.

డైరెక్టరుగారు ఆయన భుజం మీద మెత్తగా చెయ్యి వేశారు. "ఇంకా పదమూడు రకాలు చూడాల్సినవి ఉన్నాయి సార్."

చైర్మన్‌గారు గోడ వైపు ఒకసారి, తల మీద వేలాడుతున్న పువ్వు వైపు ఒకసారి చూసి, మళ్లీ పడుకున్నారు.